మన వంశం వాళ్ల నోట

ఇంటిపేరేంది, గోత్రమేంది, తండ్రి పేరేంది, ఏ ఊరోళ్లు? జనగామలోనో మహబూబాబాద్‌లోనో కుల సంఘం ఆఫీసుకు పోయి సభ్యత్వం రాయించుకుంటానంటే రసీదు పుస్తకం తెరవకముందే పడే ప్రశ్నలివి. వీటికి టకటకా జవాబొస్తుంది. పక్కనున్న పెద్దమనిషి ఊరుకోక ‘మీ ముత్తాత పేరేంది బిడ్డా?’ అన్నాడనుకోండి, అక్కడ గొంతు ఆగుతుంది. ఫోను తీసి ఊళ్లో పెదనాయనకో మేనత్తకో కలపాల్సిందే. వాళ్లకూ గుర్తు లేకపోతే అంతే సంగతులు. సంఘం మాత్రం ఏమీ అనుకోదు. ముత్తాత పేరు తెలియకున్నా రసీదు చింపి చేతిలో పెడుతుంది.

మూడు తరాల కిందట ఆ పేరు చెప్పే మనిషి వేరే ఉండేవాడు. అతను ఆ ఇంటివాడు కాడు, చాలావరకు ఆ కులంవాడూ కాడు. ఏడాదికోసారో, రెండు మూడేళ్లకోసారో ఊరి బయట డేరా వేసి, కులపెద్దకు కబురంపేవాడు. పొద్దుగూకినాక పటం కట్టి, కులం ఎట్లా పుట్టిందో ఎత్తుకుని, గోత్రాల మీదుగా, ఇంటిపేర్ల మీదుగా, ఎదురుగా కూర్చున్నవాళ్ల తాతల దాకా వచ్చేవాడు. అతని పొట్ట ఆ కులం చేతిలో ఉండేది, ఆ కులం పుట్టుపూర్వోత్తరాలు అతని నోట ఉండేవి. వంశం పేరిట సంఘం పెట్టి వారసత్వాన్ని కాపాడటం, నలుగురికి సాయపడటం ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నదే. మన దగ్గర ఆ పని రసీదు పుస్తకంతో మొదలుకాలేదు, డేరాతో మొదలైంది. ఇప్పుడు సంఘాలకు భవనాలున్నాయి, విగ్రహాలున్నాయి, లెటర్‌ప్యాడ్లున్నాయి. డేరా వేసుకునే మనిషికి మాత్రం వాటిలో చోటు దొరకలేదు. ఈ కథనం ఆ చోటు గురించి.

ఎవరి కథ ఎవరి చేతిలో

తెలంగాణలో ఏ కులం కథ ఎవరు చెప్పాలన్నది ఎప్పుడో పంచేసుకున్నారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. గౌడులకు గౌడజెట్టీలు, రజకులకు మడేలు పురాణం చెప్పే పటంవాళ్లు, నాయీ బ్రాహ్మణులకు అద్దపువాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజ వాయించే రుంజవాళ్లు, గొల్లలకు కొయ్యబొమ్మల పెట్టె మోసుకొచ్చే మందహెచ్చులవాళ్లు. కాపుల, రెడ్ల గోత్రాలు పిచ్చిగుంట్లవాళ్ల నోట ఉంటాయి. ఆ పేరు చిన్నచూపుగా ఉందని వాళ్లను సర్కారు జాబితాలో వంశరాజ్‌గా రాస్తున్నారు. మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. కురుమలది కొంచెం వేరే దారి. ఒగ్గు పూజారులు ఆ కులంలోంచే వచ్చి బీరప్ప కథ, మల్లన్న కథ చెబుతారు. ఒగ్గుకథను దేశమంతా తిప్పిన చుక్క సత్తయ్యది జనగామ జిల్లా లింగాల ఘన్‌పూర్ మండలం మాణిక్యాపురమే. 2017 నవంబరులో ఆయన పోయారు.

పండితులు వీళ్లందరినీ కలిపి ఆశ్రిత కులాలంటారు. ఊళ్లో ఆ మాట వినపడదు. ‘మా అడుక్కునేటోళ్లు వచ్చిండ్రు’ అంటారు. ‘మా’ అనడంలో హక్కు ఉంది, తర్వాతి మాటలో చులకన ఉంది.

పటం ఎట్లుంటదో దగ్గరగా చూస్తే గాని ఈ కథ అర్థం కాదు. చేర్యాల నకాషీలు గీసేది దీన్నే. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు చేర్యాల సిద్దిపేటకు పోయింది గాని, అంతకుముందు జనగామ డివిజన్‌లోదే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత పూసి ఆరబెడతారు. గుడ్డ మందంగా, చుట్టినా పగలకుండా తయారయ్యాక నేలంతా ఎర్రరంగు వేసి బొమ్మలు దింపుతారు. వెడల్పు మూడడుగులుంటే పొడవు ముప్పై నలభై అడుగులైనా ఉంటుంది. పైన గణపతి, సరస్వతి, త్రిమూర్తులు. ఆ కింద నుంచి కథ గళ్లుగళ్లుగా దిగుతుంది. మూలపురుషుడి పుట్టుక, పెళ్లి, వనవాసం, కొట్లాట, ఆ కులం చేతికి పనిముట్టు ఎట్లా వచ్చిందన్నదీ బొమ్మలోనే ఉంటుంది. కథకుడు బెత్తంతో ఒక గడి చూపి చెబుతుంటే వెనక మద్దెల, హార్మోనియం, తాళాలు. ఆ గడి అయిపోగానే పటం ఒకవైపు చుట్టుకుపోతుంది, కిందినుంచి ఇంకోటి పైకొస్తుంది. ఒక్క రాత్రిలో అయ్యే కథలు తక్కువ.

ఇప్పుడు చేర్యాల బొమ్మ జీఐ గుర్తింపు తెచ్చుకుని, డ్రాయింగు రూముల్లో అద్దం వెనకకు చేరింది. అందులో తప్పేమీ లేదు, నకాషీ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. అయితే గోడకు వేలాడే బొమ్మలో బతుకమ్మ, బోనాలు, ఊరి బావి కనబడతాయి. కులం పుట్టుక కనబడదు. దాన్ని గీయించుకునేది కథకుడొక్కడే. పాత పటం చినిగిపోయేదాకా వాడి, కొత్తది గీయించి, పూజ చేసి, పాతదాన్ని నీళ్లలో కలిపేవారు. అందుకే రెండు మూడొందల ఏళ్ల పటాలు మనకు మిగిలినవి చాలా తక్కువ. కథ నిలిచింది, గుడ్డ పోయింది. కీర్తనా తంగవేలు అనే పరిశోధకురాలు అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఈ పటాల మీదే పీహెచ్‌డీ చేశారు. మన పక్కనే హనుమకొండలో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. పరిశోధకుడు పులికొండ సుబ్బాచారి కులపురాణాల మీద పుస్తకమే రాశారు. పరిశోధన జరగలేదని ఎవరూ అనలేరు. అది సంఘాల గడప మాత్రం తొక్కలేదు.

మిరాశీ అనే ఆస్తి

కథ చెప్పినందుకు ఇచ్చేది దానమని దాత అనుకుంటాడు, కథకుడి లెక్క వేరు. అది మిరాశీ. ఈ పది ఊళ్ల పద్మశాలీలు మావాళ్లు, ఆ పన్నెండు ఊళ్లు మా చిన్నాన్నవాళ్లవి అని కథకుల ఇళ్లలో పంపకాలుంటాయి. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టు ఊళ్లు పంచుకుంటారు. బిడ్డ పెళ్లికి కట్నంగా ఊరు రాసివ్వడం, అప్పు కోసం ఊరు కుదువబెట్టడం కూడా ఉన్నవే. తగాదా వస్తే తీర్పు చెప్పడానికి వాళ్లకు సొంత పంచాయితీ ఉంది. మా ఊళ్ల మీద హక్కు మాదేనని చూపడానికి రాగిరేకులు దాచుకున్న కుటుంబాలూ ఉన్నాయి. అంటే, ఒక కులం తన వంశవృక్షాన్ని పరాయి మనిషి దగ్గర దాచుకుంటే, ఆ పరాయి మనిషికి ఆ కులమే భూమి.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఇంటి యజమాని వంతు ఇస్తేనే కథలో అతని ఇంటిపేరు గౌరవంగా పలుకుతుంది. ఇవ్వనివాడికి నిండు సభలో ఎత్తిపొడుపే. సభ్యత్వం కట్టడం, పేరు చదివించుకోవడం, ఎగ్గొడితే పరువు పోవడం, ఇవన్నీ ఇవాళ్టి సంఘాలు కనిపెట్టినవి కావు. గయలోనో హరిద్వార్‌లోనో పండాలు పొడుగాటి బహీ పుస్తకం తెరిచి మీ తాత ఫలానా ఏడాది వచ్చిండని చదివి వినిపిస్తే మనవాళ్లు నోరెళ్లబెడతారు. ఆ పని ఊరి ముందట వేపచెట్టు కింద నోటితోనే జరిగేదన్నది మరిచిపోయారు.

మిరాశీ ఎందుకు కూలిందంటే ఒక్క టీవీని తిట్టి ఊరుకోవడం తేలిక. అసలు దెబ్బ కులవృత్తికి తగిలింది. కొడకండ్ల వంటి ఊళ్లలో మగ్గాలు ఆగి నేతగాళ్లు భివండీకి, సూరత్‌కు, షోలాపూర్‌కు బతకపోయారు. కూనపులివాడి ఊరు ఊరుగానే ఉంది, దాతలు లేరు. మిగిలినవాళ్ల పిల్లలకు చదువొచ్చింది. సూర్యుడి కంట్లోంచో, శివుడి చెమటలోంచో మన కులం పుట్టిందంటే ఇంజనీరింగు చదివిన కుర్రాడు నవ్వుతాడు. నవ్వడం తప్పు కాదు. ఆ నవ్వుతోపాటు తాతల పేర్ల పట్టీ కూడా పోయిందని అతనికి తెలియదు.

ఈ కథకుల మెట్ల వరసలో కింది మెట్టు డక్కలివాళ్లది. మాదిగలే ఊరి అంచున ఉంటే, వాళ్ల వాడకు కూడా అవతల డక్కలి గుడారం పడేది. దాతల ఇళ్లలోకి రానిచ్చేవారు కాదు, చేతికి చేయి తగలనిచ్చేవారు కాదు. ఒక కులం గొప్పతనాన్ని రాత్రంతా పాడే మనిషి పొద్దున్నే ఆ కులం గడప తొక్కకూడదు. పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్యది ఈ వరసే. చిందువాళ్లలో పద్మశ్రీ జనగామ జిల్లాకు వచ్చింది. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య 2024లో అందుకున్నారు. ఆ ఏడాది పద్మాలు వచ్చినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షల రూపాయలు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. మంచి పని. అయితే ఆ అవార్డు ఒక మనిషి చేతికి వచ్చింది, మిరాశీ ఒక వరస మొత్తానిది.

పుట్టినరోజున్న పూర్వీకులు

సంఘాల వైపు వస్తే మొదట కనబడేది పూర్వీకుడు మారడం. గౌడులకు కంఠమహేశ్వరుడు ఉండగా సర్వాయి పాపన్న ముందుకొచ్చాడు. కురుమలకు బీరప్ప పక్కన దొడ్డి కొమురయ్య నిలిచాడు. రజకులకు మడేలయ్యను దాటి చాకలి ఐలమ్మ వచ్చింది. పద్మశాలీలకు మార్కండేయుడితోపాటు కొండా లక్ష్మణ్ బాపూజీ ఉన్నారు. బీరప్పకు పుట్టినతేదీ లేదు, జయంతి జరపలేం. కలెక్టరేట్‌లో పటానికి పూలదండ వేయాలంటే తేదీ కావాలి, ఇంకా కుదిరితే ఫొటో కావాలి. ఐలమ్మకు సెప్టెంబరు 26 జయంతి, 10 వర్ధంతి. కొమురయ్యకు ఏప్రిల్ 3, జూలై 4. పాపన్నకు ఆగస్టు 18. ఇవన్నీ ఇప్పుడు ప్రభుత్వం జరిపే తేదీలు. చిత్రమేమంటే ఈ ముగ్గురిదీ జనగామ గడ్డే.

రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో పాపన్న కట్టిన కోట బురుజులు నేటికీ ఉన్నాయి. 1708 ఏప్రిల్ 1న, మొహర్రం పీర్ల పండుగ హడావుడిలో ఊరుండగా, అతను ఓరుగల్లు మీద పడి దోచాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతన్ని దొంగగానే రాశాడు. 1710 ప్రాంతంలో పట్టుకుని చంపారు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2005లో అచ్చేసిన దక్కన్ సామాజిక చరిత్రలో ఎనిమిది మంది జీవితాలు తీసుకుంటే అందులో ఒకటి ఈ కల్లుగీత ఇంటి కొడుకుది. ఈటన్‌కు ఖాఫీఖాన్ ఎంత పనికొచ్చాడో, పల్లెపాట అంత పనికొచ్చింది. 1874లోనే జె.ఎ. బాయిల్ అనే దొర పాపన్న పాటను ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో అచ్చు వేయించాడు. నూట అరవై ఏళ్లు ఆ పాటను మోసింది గౌడ సంఘం కాదు, అప్పటికి అలాంటి సంఘం లేదు. ఊరూరా తిరిగి కథ చెప్పినవాళ్లు మోశారు. వాళ్లు పాడకపోతే సంఘానికి ఇవాళ విగ్రహం పెట్టుకోను పాపన్న లేడు.

కొమురయ్య సంగతి ఇంకా సూటిగా తగులుతుంది. 1946 జూలై 4న దేవరుప్పుల మండలం కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తూటాకు ఆయన నేలకొరిగాడు. ఆ రోజు ఊరేగింపులో నడిచింది ఆంధ్రమహాసభ, ఊళ్లవాళ్ల నోట ‘సంఘం’. పాలకుర్తి ఐలమ్మ దేశ్‌ముఖ్‌తో తలపడి పంట ఇంటికి తెచ్చుకున్నది ఆ సంఘం అండతోనే. కురుమా, చాకలీ, రెడ్డీ, మాదిగా అందరూ అందులో సభ్యులే. ఇంటిపేరు అడగని సంఘం అది. ఇప్పుడు కొమురయ్య కురుమ సంఘం బ్యానర్ మీద, ఐలమ్మ రజక సంఘం బ్యానర్ మీద ఉన్నారు. 2024 డిసెంబరులో కోకాపేటలో ప్రారంభమైన కురుమ భవనానికి దొడ్డి కొమురయ్య పేరే పెట్టారు. అదే ఏడాది కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు వచ్చింది. ఈ రెండింట్లో నాకు యూనివర్సిటీయే ఎక్కువ నచ్చింది. అక్కడ చేరడానికి ఏ గోత్రమూ అక్కర్లేదు. అట్లని కులం తనవాడిని తనవాడని చెప్పుకోవడాన్ని తప్పుపట్టలేం. ఇన్నాళ్లూ పెద్దల సభల్లో ఎవరూ చెప్పని పేర్లను చెప్పుకుంటున్నారు, ఆ ఆత్రం అర్థమవుతుంది.

వంశం మీద సంఘం కట్టడం మన పిచ్చి మాత్రమే కాదు. అమెరికాలో 1890లో ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ అని మహిళలు సంఘం పెట్టుకున్నారు. స్వాతంత్ర్య యుద్ధంలో పాల్గొన్నవారి నేరు వారసులమని కాగితాలతో రుజువు చేస్తేనే సభ్యత్వం. తరానికో జనన పత్రమో, పెళ్లి పత్రమో, చర్చి పుస్తకంలో పేజీయో కావాలి. వాళ్లు పాత ఇళ్లు కాపాడతారు, సమాధులు గుర్తిస్తారు, పిల్లలకు స్కాలర్‌షిప్పులిస్తారు. 1939లో ఆ సంఘమే నల్లజాతి గాయని మరియన్ ఆండర్సన్‌కు తమ సభామందిరం ఇవ్వనంటే, అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ సభ్యత్వానికి రాజీనామా చేసి బయటికొచ్చింది. పాట వినను పేచీ లేదు, పాడే మనిషి రంగుతోనే పేచీ. డక్కలి గుడారం సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు.

గంగాళాల నుంచి హాస్టళ్ల దాకా

సేవ మాటకొస్తే ఊరి కుల సంఘం చేసే పని పెద్ద పెద్ద పేర్లలో కనబడదు, సామాన్ల గదిలో కనబడుతుంది. గంగాళాలు, గుండిగలు, గరిటెలు, జంబుఖానాలు, మడతకుర్చీలు, ఇప్పుడు ఫ్రీజరు పెట్టె. ఇంట్లో చావైనా పెళ్లైనా ముందు ఆ గది తాళంచెవి కోసం పోతారు. ఇంటికింతని వేసిన చందా డబ్బులు మిత్తికి తిప్పుతారు. పేదింట్లో చావు జరిగితే దినాల ఖర్చుకు చేయి పడుతుంది. ఇది ఏ పత్రికకూ వార్త కాదు, ఊరికి మాత్రం ఇదే బీమా. అదే సంఘం కులం కాని పిల్లను చేసుకున్నవాడికి జరిమానా వేస్తుంది, నలుగురితో మాట బంద్ చేయిస్తుంది. ఆ గంగాళాలు అతని ఇంటికి రావు. సేవ చేసే చెయ్యి, వెలివేసే చెయ్యి ఒకే మనిషివి కావడం ఈ సంఘాల జబ్బు. దాన్ని వారసత్వం పేరు పెట్టి కప్పడం కుదరదు.

పెద్ద స్థాయిలో 1918లో హైదరాబాద్‌లో కొత్వాల్ వెంకటరామారెడ్డి పూనికతో నిలబడిన రెడ్డి హాస్టల్ ఈ తరహా సేవకు మొదటి వరసలోది. సురవరం ప్రతాపరెడ్డి దాన్ని నడిపినవాళ్లలో ఒకరు. అక్కడ ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డి తర్వాత దొరల మీద పోరాడిన ‘సంఘాని’కి నాయకుడయ్యారు. వంశం పేరుతో కట్టిన ఇల్లు, వంశం అడగని ఉద్యమానికి మనిషినిచ్చింది. అంతకు ముందే, 1906లో, భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలి పెట్టి, ఎవరూ హాస్టల్ కట్టివ్వని దళితుల కోసం పని మొదలుపెట్టారు. ఆయన వాడిన ఆయుధం హరికథ. తన జనానికి తన కథ చెప్పించడంతోనే సేవ మొదలవుతుందని ఆయనకు తెలుసు.

ఇప్పటి రోజుల్లో సభ్యత్వమంటే లాభం కూడా. 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ అన్నారు. 18 ఏళ్లు నిండిన గొల్ల, కురుమలు సొసైటీలో సభ్యులైతేనే అర్హత. ఎన్నడూ మంద వెంట నడవని కుర్రాళ్లు కూడా పేరు రాయించుకోవడానికి వరస కట్టారు. వంశం ఒక్కసారిగా లెక్కకు వచ్చింది. మల్లన్న పట్నం వేసినప్పుడు రాత్రంతా మేలుకోవడానికి అదే కుర్రాళ్లను పిలిస్తే ఎంతమంది వస్తారన్నది ఒగ్గు పూజారులను అడగాలి.

నడిచి తెచ్చే వంశం

మహబూబాబాద్ దారి పట్టగానే లెక్క మారుతుంది. తండాల్లో ఇద్దరు లంబాడీలు కొత్తగా కలిస్తే ముందు తెలుసుకునేది ఏ గోత్రం, అందులో ఏ పాడా అన్నదే. భూక్యావాళ్లకు రాథోడ్ వరసలో 27 పాడాలు. వియ్యం అందేది లేనిదీ అక్కడే తేలుతుంది. ఈ పట్టీలను పాడి వినిపించే ఢాడీలు, భాట్‌లు లంబాడీలకూ ఉన్నారు. వాళ్లూ పలచబడ్డారు. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి నాటి భోగ్‌భండార్‌కు మాత్రం ప్రతి తండా కదులుతుంది. ఇదే జిల్లాలో డోర్నకల్ ఉంది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య పీఠం అదే. పటం కథ వినడం మానేసి చర్చికి పోయిన మాల, మాదిగ కుటుంబాలకు తాతల పేర్లు దొరికేది బాప్తిస్మం రిజిస్టర్లోనే.

అదే జిల్లా గంగారం మండలం పూనుగొండ్లలో పెనక వంశం ఉంది. మేడారం జాతరకు సమ్మక్క భర్త పగిడిద్దరాజును పడిగె జెండాతో కాలినడకన అడవి దారుల్లో తీసుకొచ్చేది ఈ వంశం పూజారులు. కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చేది కాక వంశం, కొండాయి నుంచి గోవిందరాజును తెచ్చేది దబ్బగట్ల వంశం, మేడారంలో సమ్మక్క సేవ సిద్దబోయిన వంశానిది. ఇక్కడ సభ్యత్వం లేదు, రుసుము లేదు, అధ్యక్ష పదవికి పోటీ లేదు. ఆ ఇంట్లో పుట్టిన పాపానికో పుణ్యానికో రెండేళ్లకోసారి నడవాలి, ఉపవాసం ఉండాలి. లక్షలాది మంది బంగారమని బెల్లం మోసుకొచ్చే జాతర కొద్ది ఇళ్లవాళ్ల కాళ్ల మీద నడుస్తోంది. వంశం హక్కు కాదు, పని. మైదానపు సంఘాల్లో నాకు కనబడని పట్టింపు ఇదొక్కటే.

కోయల్లోనూ కథ చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని వంశాలను లెక్కించి, గట్టుకో పడిగె, పడిగెకో కథ. పడిగె అంటే గుడ్డ ముక్కలు కత్తిరించి బొమ్మలుగా కుట్టిన మూడు మూలల జెండా. దాన్ని చదివి, డోలు మీద వేల్పుల పుట్టుక, వంశాల తరలింపు పాడేది డోలివాళ్లు. మణుగూరు దిక్కు సకిని రామచంద్రయ్య ఈ విద్యలో చివరి తరం పెద్దల్లో ఒకరు. కోయ భాషలో, తెలుగులో రెండింటా చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. పుస్తకం పోతే ఇంకో ప్రతి దొరకొచ్చు. అట్లాంటి మనిషికి ఇంకో ప్రతి ఉండాలంటే పక్కన కూర్చుని నేర్చుకున్న కుర్రాడుండాలి, ఆ కుర్రాడికి కూలి పోకుండా ఏడాది గడవాలి.

ఆడవాళ్ల సంగతి ఒక్కమాట. పటం చెప్పిన గోత్రమైనా, సంఘం రాసే పట్టీ అయినా తండ్రి వైపే పోతుంది. పెళ్లయిన బిడ్డ ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి మారుతుంది, చాలాసార్లు రెండింట్లోనూ ఉండదు. సంఘం బ్యానర్ మీద ఐలమ్మ నిలువెత్తు బొమ్మ ఉంటుంది, కింద కార్యవర్గం ఫొటోల్లో ఆడమనిషిని వెతకాలి. మహిళా విభాగం అని పక్కకు ఒక గది చూపిస్తారు. వంశం అడిగే సంఘాలు ఐలమ్మ పేరు పెట్టుకున్నందుకైనా ఇది సర్దుకోవాలి.

తీర్మానం పుస్తకంలో ఒక పేజీ

జయంతి నాడు కథకులను పిలవడం లేదని కాదు. పిలుస్తారు. మంత్రిగారు వచ్చేలోపు అరగంట ఆడించి, శాలువా కప్పి పంపుతారు. నాలుగు రాత్రుల కథను అరగంటకు కోస్తే మిగిలేది వేషం. సంఘాలకు ఇప్పుడు రాబడి ఉంది, ఫంక్షన్ హాలు కిరాయి ఉంది, ఊరి బయట షాపుల మడిగెలున్నాయి. మిరాశీని సంఘం పద్దులో ఒక లైనుగా రాస్తే పోయేదేమీ లేదు. ఏడాదికోసారి భవనంలోనే మూడు నాలుగు రాత్రులు పూర్తి కథ పెట్టించి, దాన్ని ఫోనులోనైనా రికార్డు చేసి, చివర్లో వచ్చే ఇంటిపేర్ల పట్టీని సభ్యత్వ పుస్తకంతో సరిచూసుకుంటే చాలామందికి ముత్తాత పేరు దొరుకుతుంది. విగ్రహానికి పెట్టే ఖర్చులో ఇది చిల్లర.

కథకులు కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు, వాళ్లూ సంఘాలు పెట్టుకున్నారు. 2020లో రాష్ట్రం 17 చిన్న కులాలను బీసీ జాబితాలో చేర్చినప్పుడు కాకిపడగల, గౌడజెట్టి, కూనపులి, పటంవారు అందులో ఉన్నారు. అప్పటిదాకా వీళ్లు ఏ జాబితాలోనూ లేరు. ఊళ్లకు ఊళ్ల గోత్రాలు చెప్పేవాళ్లకు తమ కులమేదో చెప్పుకోను కాగితం లేదు.

జాబితాలో ఎక్కినా చిక్కు తీరలేదు. తహసీల్దార్ ఆఫీసులో కుల ధ్రువీకరణకు అర్జీ పెడితే విచారణకు వచ్చినవాళ్లు ఇరుగుపొరుగును అడుగుతారు. ఏడాదిలో సగం డేరాల్లో గడిపే కుటుంబానికి ఇరుగుపొరుగు ఎవరు? పిల్ల హాస్టల్ సీటు, పిల్లగాడి స్కాలర్‌షిప్పు అక్కడ ఆగుతాయి. వీళ్లెవరో ఖాయంగా చెప్పగలిగింది దాత కులం ఒక్కటే. ‘ఈ కుటుంబం తరతరాలుగా మా కులానికి కథ చెబుతోంది, ఈ ఊళ్లు వీళ్ల మిరాశీ’ అని లెటర్‌ప్యాడ్ మీద రాసి, అధ్యక్షుడు, కార్యదర్శి సంతకాలు పెట్టి, ఒక పెద్దమనిషి వెంటపోయి తహసీల్దార్‌కు ఇచ్చి రావచ్చు. దానికి కావలసింది ఒక తీర్మానం, ఒక రబ్బరు స్టాంపు. స్టాంపు ప్రతి సంఘం సొరుగులోనూ ఉంది.